ప్లేటుకో వైద్యం, రాడ్డుకో వైద్యం

రెండు వానాకాలాలు గడిచేసరికి మేడమీది గదిలో పెట్టిన ఇనుప ప్లేట్లు ఎర్రబడిపోతాయి. తడిమితే అరచేతికి పొడి అంటుతుంది. కసరత్తు చేసేవాళ్లకు అప్పుడు వచ్చే మొదటి సందేహం, పది కిలోల ప్లేటు ఇప్పుడూ పది కిలోలేనా అని. తుప్పు తినేసింది కాబట్టి తగ్గే ఉంటుందని చాలామంది అనుకుంటారు. నిజానికి తుప్పు రాలిపోనంతవరకు ప్లేటు బరువు పెరుగుతుంది.

లెక్క వేసి చూడొచ్చు. ఇనుము గాలిలోని ఆక్సిజన్‌నూ నీటినీ కలుపుకుని తుప్పుగా మారుతుంది. మన కంటికి కనిపించే గోధుమరంగు తుప్పులో ఎక్కువ భాగం ఇనుము, ఆక్సిజన్, హైడ్రోజన్ కలిసిన పదార్థం. 56 గ్రాముల ఇనుము ఇలా మారితే 89 గ్రాముల తుప్పు తయారవుతుంది. అదనంగా చేరిన 33 గ్రాములూ గాలి, తేమ ఇచ్చినవే. పది కిలోల పోత ఇనుప ప్లేటు అడ్డకొలత 29 సెంటీమీటర్లు ఉందనుకుందాం. రెండు ముఖాలూ అంచూ కలిపితే దాని ఉపరితలం సుమారు 1,550 చదరపు సెంటీమీటర్లు. ఆ ఒళ్లంతా 0.05 మిల్లీమీటర్ల లోతున, అంటే ఒక సన్నని వెంట్రుక మందాన, తుప్పుగా మారితే పోయిన ఇనుము దాదాపు 56 గ్రాములు. తుప్పు అంటిపెట్టుకుని ఉన్నంతకాలం ఆ ప్లేటు 10 కిలోల 33 గ్రాములు తూగుతుంది. పూర్తిగా శుభ్రం చేశాక 9 కిలోల 944 గ్రాములకు దిగుతుంది. లోహం గాలిలో భస్మమైతే బరువు పెరుగుతుందన్న ఈ సంగతే 1770ల్లో ఫ్రాన్స్‌లో లవోయిజర్‌ని ఆక్సిజన్ సిద్ధాంతం వైపు నడిపించింది. మన మేడమీది ప్లేటులో జరుగుతున్నదీ అదే, కాకపోతే నిప్పు లేకుండా, చాలా నెమ్మదిగా.

ఇంట్లో కసరత్తుకు ఈ అర శాతం తేడా లెక్కలోకి రాదు. చవక ప్లేట్లు చాలాసార్లు కొన్న రోజునే అంతకు మించిన తేడాతో ఉంటాయి. కిరాణా కొట్టు తూకపు రాయి అయితే వదిలిపెట్టరు. దాని అడుగున చిన్న గుంటలో సీసం పోసి బరువు సరిచేసి, తూనికలు కొలతల శాఖవాళ్లు ఆ సీసం మీదే ముద్ర కొడతారు. పోటీల ప్లేట్ల సంగతి మరీ నిక్కచ్చి. అంతర్జాతీయ వెయిట్‌లిఫ్టింగ్ సమాఖ్య నియమాల ప్రకారం 5 కిలోలు దాటిన డిస్కు బరువు 0.1 శాతానికి మించి ఎక్కువ ఉండకూడదు, 0.05 శాతానికి మించి తగ్గకూడదు. పది కిలోల డిస్కుకు అది పైకి 10 గ్రాములు, కిందికి 5 గ్రాములు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో శ్రీకాకుళం జిల్లా అమ్మాయి కరణం మల్లీశ్వరి మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం గెలిచింది. ఆమెకు ముందున్న ఇద్దరూ ఎత్తింది 242.5 కిలోలు. రెండున్నర కిలోల తేడాతో పతకం రంగు మారిపోయే ఆటలో డిస్కుల మీద అంత పట్టింపు ఉండాల్సిందే.

ఇంటి జిమ్ములో మాత్రం నేను భయపడేది ప్లేటు బరువు గురించి కాదు, రాడ్డు గురించి. రెండూ ఇనుపవే, రెండింటికీ పట్టేది ఒకటే తుప్పు. కానీ ప్లేటు చెయ్యాల్సిన పని బరువుగా ఉండటం, అంతే. రాడ్డు ప్రతి ఎత్తుకూ కాస్త వంగి మళ్లీ నిటారుగా రావాలి, అదీ మన మెడ మీదో ముఖం పైనో. ప్లేటుకు నిశ్చింతగా చెయ్యదగిన వైద్యం రాడ్డుకు చేస్తే ముప్పు తెచ్చుకున్నట్టే.

చెమట చుక్క కింద ఏం జరుగుతుంది

తుప్పును అర్థం చేసుకోవడానికి ఒక్క నీటి చుక్క చాలని చూపించినవాడు యూలిక్ రిచర్డ్‌సన్ ఎవాన్స్. కేంబ్రిడ్జిలో పనిచేసిన ఆయన్ని ఆధునిక తుప్పు శాస్త్రానికి పితామహుడిగా చెప్పుకుంటారు. 1920ల్లో ఆయన చేసిన ప్రయోగం ఇప్పటికీ కాలేజీ ల్యాబుల్లో చేయిస్తారు. బాగా రుద్ది మెరిపించిన ఇనుప రేకు మీద ఒక ఉప్పునీటి చుక్క వేస్తారు. ఇనుము కరిగిన చోట నీలంగా, క్షారం పుట్టిన చోట గులాబీరంగుగా మారే రెండు సూచికలు ఆ చుక్కలో ముందే కలిపి ఉంచుతారు. మొదట అక్కడక్కడా చిన్న చిన్న మచ్చలు లేస్తాయి. కాసేపటికి అవి సర్దుకుంటాయి. చుక్క నడిమధ్య నీలం, అంచు పొడవునా గులాబీ, ఆ రెంటి నడుమ గోధుమరంగు ఉంగరంలా తుప్పు.

దీనికి కారణం ఆక్సిజన్ పంపకంలో తేడా. చుక్క అంచు పల్చగా ఉంటుంది కాబట్టి గాలిలోని ఆక్సిజన్ అక్కడికి తేలిగ్గా చేరుతుంది. మధ్యలో నీరు మందంగా ఉంటుంది, అక్కడ ఆక్సిజన్‌కు కరువు. మధ్యలో ఇనుము ఎలక్ట్రాన్లను వదిలేసి నీటిలోకి కరుగుతుంది. ఆ ఎలక్ట్రాన్లు లోహం గుండా అంచుకు పరుగెత్తి, అక్కడి ఆక్సిజన్‌నూ నీటినీ కలిపి క్షారంగా మారుస్తాయి. మధ్య నుంచి వచ్చే ఇనుము, అంచు నుంచి వచ్చే క్షారం దారిలో కలుసుకున్న చోట తుప్పు పేరుకుంటుంది. అంటే తుప్పు కనిపించే చోటు ఒకటి, ఇనుము కరిగిపోయే చోటు ఇంకొకటి.

ఇది తెలిశాక ఇంట్లో ప్లేట్లను చూసే చూపు మారుతుంది. ఒకదానిమీద ఒకటి పేర్చిన ప్లేట్ల సందులో తేమ చేరితే, అంచుకు గాలి అందుతుంది, లోపల అందదు. పైకి ఎర్రగా కనిపించేది అంచు, గుంటలు పడేది లోపలి భాగం. పెచ్చు లేచిన పెయింటు కింద, రాడ్డు చివర ప్లేట్లు ఎక్కించే గొట్టం మొదట్లో, లాకు బిగించే చోట జరిగేదీ ఇదే.

చుక్కలో ఉప్పు ఎందుకంటే, ఉప్పునీటిలో విద్యుత్తు తేలిగ్గా పారుతుంది, పైగా ఉప్పులోని క్లోరైడు లోహం మీది రక్షణ పొరను ఛేదిస్తుంది. చెమటలో నీరు పోగా ఉండేది ప్రధానంగా ఉప్పే. కాస్త లాక్టిక్ ఆమ్లం కూడా ఉంటుంది. చెమట ఆరిపోయినా ఉప్పు అక్కడే ఉంటుంది. గాలిలో తేమ 75 శాతం దాటితే ఆ ఉప్పు తనంతట తానే నీటిని పీల్చుకుని మళ్లీ చుక్కగా మారుతుంది. సముద్రపు గాలి మోసుకొచ్చే ఉప్పులో మెగ్నీషియం క్లోరైడు కూడా ఉంటుంది, దానికైతే 33 శాతం తేమ చాలు. విశాఖలోనో కాకినాడలోనో సముద్రానికి దగ్గరగా ఉన్న ఇంట్లో ఇనుము ఎండాకాలంలోనూ తుప్పు పట్టడానికి కారణమిదే. ఉప్పు అంటని ఇనుముకు హద్దు ఆ 33 శాతం కంటే పైన ఉంటుంది. వెర్నన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త 1920, 30 దశకాల్లో చేసిన పరిశోధనల్లో గాలిలో తేమ 60 శాతం దాటాక తుప్పు ఒక్కసారిగా జోరందుకుంటుందని తేలింది.

ఏసీ గదిలో జిమ్ము పెట్టుకున్నవాళ్లకు ఇంకో చిక్కు. బయట 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న రోజున గాలిలోని ఆవిరి 26 డిగ్రీల దగ్గరే నీరుగా దిగుతుంది. రాత్రంతా 24 డిగ్రీల్లో చల్లబడిన ఇరవై కిలోల ఇనుము అంత త్వరగా వేడెక్కదు. పొద్దున్నే ఏసీ ఆపి కిటికీ తెరిస్తే ప్లేట్ల ఒంటి మీద సన్నగా నీరు పడుతుంది. ఎవరూ నీళ్లు చల్లకుండానే ప్లేట్లు తడుస్తాయి.

ప్లేటును నానబెట్టొచ్చు

మామూలు ప్లేట్లు పోత ఇనుముతో చేస్తారు. అందులో కర్బనం 2 నుంచి 4 శాతం దాకా ఉంటుంది. ఆ కర్బనంలో ఎక్కువ భాగం పెన్సిల్ ములుకులో ఉండే గ్రాఫైటే, సన్నని రేకుల్లా ఇనుములో చెదిరి ఉంటుంది. పోత ఇనుము పెళుసు. సుత్తితో కొడితే, ఒక్కచోటే బాగా వేడి చేస్తే పగలొచ్చు. కానీ నీళ్లలో, పల్చని ఆమ్లంలో కొన్ని గంటలు నానితే దాని పనికి ఏ లోటూ రాదు.

ఇత్తడి బిందెల్ని చింతపండుతో తోమే ఇళ్లలో పుట్టినవాళ్లకు ఈ విద్య కొత్తగా చెప్పక్కర్లేదు. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం, నిమ్మ ఉప్పు అని కిరాణా కొట్లో దొరికే సిట్రిక్ ఆమ్లం, వెనిగర్‌లోని ఎసిటిక్ ఆమ్లం మూడూ తుప్పును కరిగిస్తాయి. మొదటి రెండింటికీ ఇంకో గుణం ఉంది. కరిగిన ఇనుప అయాన్‌ను నాలుగు వైపుల నుంచీ పట్టుకుని, మళ్లీ తుప్పుగా పేరుకోనివ్వకుండా నీటిలోనే ఉంచుతాయి. అందుకే నా ఓటు నిమ్మ ఉప్పుకు. వాసన ఉండదు, చవక, పొడిగా దొరుకుతుంది, కావలసినంతే కలుపుకోవచ్చు. చింతపండుతో ఇత్తడి తోమేటప్పుడు ఉప్పు కలిపే అలవాటు చాలా ఇళ్లలో ఉంది, ఇనుముకు మాత్రం ఆ ఉప్పు వద్దు.

ముందు ప్లేటును గిన్నెలు తోమే సబ్బుతో కడగాలి. జిడ్డు ఉన్నచోట ఆమ్లం పనిచెయ్యదు. ప్లాస్టిక్ టబ్బులో లీటరు నీటికి 50 గ్రాముల చొప్పున నిమ్మ ఉప్పు కలిపి ప్లేటును పూర్తిగా ముంచాలి. సగం మునిగి సగం తేలితే నీటిమట్టం దగ్గర గీత పడినట్టు ఇనుము తినుకుపోతుంది, అక్కడా ఎవాన్స్ చుక్క సూత్రమే. అల్యూమినియం బేసిన్లు వాడొద్దు. కొన్ని గంటలకోసారి తీసి వైరు బ్రష్షుతో రుద్ది చూడాలి. సాయంత్రం వేస్తే చాలా ప్లేట్లు పొద్దున్నకు సిద్ధమవుతాయి. తుప్పు పోయాక కూడా బుడగలు వస్తున్నాయంటే ఆమ్లం ఇక అసలు ఇనుమునే తింటోందని అర్థం. ఆ బుడగలు హైడ్రోజన్. రోజుల తరబడి వదిలెయ్యకూడదు.

బయటికి తీసినప్పుడు చాలామంది కంగారుపడేది నలుపును చూసి. ఎర్రటి తుప్పు పోయి ప్లేటంతా మసిలాంటి పొర, ముట్టుకుంటే వేళ్లు నల్లన. అది తుప్పు కాదు. చుట్టూ ఉన్న ఇనుము కరిగిపోగా మిగిలిన గ్రాఫైటు. పోత ఇనుము లోపలి నిర్మాణం అలా బయటపడుతుంది. గరుకు పీచుతో, గిన్నెల పౌడరుతో రుద్దితే పోతుంది. కింద బూడిదరంగు లోహం, పోత పోసిన నాటి ఇసుక గరుకు, అంకెల చుట్టూ అచ్చు గీతలు కనిపిస్తాయి.

ఆ తర్వాతి పావుగంటే కీలకం. ఆమ్లంలోంచి వచ్చిన ఇనుముకు ఏ రక్షణా లేదు, తడిగా ఉంటే కళ్లముందే పసుపురంగు తిరుగుతుంది. వంటసోడా కలిపిన నీళ్లతో ఒకసారి కడిగి మిగిలిన ఆమ్లాన్ని చల్లార్చాలి. తర్వాత బాగా వేడినీళ్లు పొయ్యాలి. ఆ వేడిని పట్టుకున్న ప్లేటు తనను తానే ఆరబెట్టుకుంటుంది. పాత గుడ్డతో తుడిచి మధ్యాహ్నపు ఎండలో పెట్టాలి. వేడి తగ్గకముందే నూనె పుయ్యడమో ప్రైమరు కొట్టడమో చెయ్యాలి.

మూడు హెచ్చరికలున్నాయి. బాత్రూము యాసిడ్ వాడొద్దు. అది హైడ్రోక్లోరిక్ ఆమ్లం, తుప్పును నిమిషాల్లో తీసేస్తుంది కానీ సన్నని గుంటల్లో క్లోరైడును వదిలిపోతుంది. వారం తిరిగేసరికి తుప్పు ఇంకా దట్టంగా వస్తుంది. దాని ఆవిరి అదే గదిలోని ఇతర ఇనుప వస్తువుల్నీ పాడుచేస్తుంది. బ్లీచింగ్ ద్రావణం ఇనుమును ఆక్సీకరిస్తుంది, అది తుప్పు పెంచే మందు. పైగా వెనిగర్‌తో కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది, ఆ రెండింటినీ ఒకచోట ఉంచనే వద్దు. మూడోది నేల గురించి. తాండూరు బండ, కడప బండ సున్నపురాయి జాతివి. పాలరాయీ అంతే. నిమ్మ ఉప్పు నీళ్లు ఒలికితే మెరుపు పోయి మచ్చలు పడతాయి, ఆ మచ్చలు తుడిచినా పోవు. ఈ పని పెరట్లోనో సిమెంటు నేల మీద మందపాటి ప్లాస్టిక్ పట్టా పరిచో చేసుకోవాలి.

ధనుర్వాతం గురించి ఒక మాట. తుప్పు గీసుకుంటే ధనుర్వాతం వస్తుందని మన ఇళ్లలో గట్టి నమ్మకం. ఆ జబ్బుకు కారణం క్లాస్ట్రిడియం టెటాని అనే బ్యాక్టీరియా. దాని బీజాలు మట్టిలో, పశువుల పేడలో ఉంటాయి, తుప్పు నుంచి పుట్టవు. పాత మేకు మట్టిలో పడి ఉండటం, లోతుగా దిగి గాలి తగలని గాయం చెయ్యడం వల్ల ఆ పేరు తుప్పుకొచ్చింది. గాయం ఏ ఇనుముతో అయినా టీకా ఎప్పుడు వేయించుకున్నారో చూసుకుని డాక్టరును అడగటం మంచిది.

కలంకారీ నలుపు

తుప్పును పూర్తిగా తీసెయ్యకుండా రూపం మార్చి వదిలెయ్యడం ఇంకో పద్ధతి. హార్డ్‌వేర్ షాపుల్లో రస్ట్ కన్వర్టర్ పేరుతో దొరికే ద్రవాల్లో చాలావాటి ముఖ్య పదార్థం టానిక్ ఆమ్లం. పూసిన కాసేపటికి ఎర్రటి తుప్పు నీలి నలుపుకు తిరుగుతుంది. తుప్పులోని ఇనుము టానిన్‌తో కలిసి నీటిలో కరగని ఇనుప టానేట్‌గా మారుతుంది.

ఈ రసాయన చర్యను చూడాలంటే శ్రీకాళహస్తి వెళ్లొచ్చు. కలంకారీ కళాకారులు బట్టను ముందు కరక్కాయ, గేదెపాలు కలిపిన ద్రవంలో ముంచి ఆరబెడతారు. కరక్కాయ నిండా టానిన్లే. మరోవైపు తుప్పుపట్టిన ఇనుప ముక్కల్ని బెల్లం, నీళ్లతో కుండలో వేసి రోజుల తరబడి పులియబెడతారు. పులిసేకొద్దీ పుట్టే ఆమ్లం ఇనుమును కరిగించుకుంటుంది. వెదురు కలంతో ఆ ద్రవాన్ని బట్ట మీద గీస్తే, గీత పడిన చోటల్లా ఇనుము, టానిన్ కలిసి నల్లగా తేలుతుంది. ఎన్ని ఉతుకులు ఉతికినా ఆ నలుపు నిలుస్తుంది. ఫ్యాక్టరీలో సీసాకెక్కిన రస్ట్ కన్వర్టరుకూ ఆ కుండలోని ద్రవానికీ ఆధారం ఒకే బంధం. నాకు ఈ సంబంధం తెలిసినప్పుడు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు.

కన్వర్టరుకు హద్దులున్నాయి. పెచ్చులుగా లేచిన తుప్పు మీద పూస్తే ఆ పెచ్చుతో సహా రాలిపోతుంది. ముందు వదులుగా ఉన్నదంతా గీకెయ్యాలి. అది రక్షణ పొరకు పునాది మాత్రమే, దాని మీద పెయింటు పడాల్సిందే.

ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న ద్రవాలు ఇనుము మీద ఫాస్ఫేటు పొరను తెస్తాయి. ఢిల్లీ కుతుబ్ మినార్ దగ్గరి ఇనుప స్తంభం 1,600 ఏళ్లుగా నిలబడటం వెనక ఉన్నదీ ఫాస్ఫేటేనని కాన్పూరు ఐఐటీలో పనిచేసిన ఆర్. బాలసుబ్రమణ్యం వివరించారు. ఆనాటి ఇనుములో భాస్వరం ఎక్కువ, అది మెల్లగా ఉపరితలం మీద గట్టి రక్షణ పొర కట్టింది. మన ప్లేటుకు అంత ఆయుష్షు రాదు, సూత్రం మాత్రం దగ్గరిదే.

కరెంటుతో తుప్పు వదిలించడం

పాత సామాను కొట్లో ఒకేసారి డజను ప్లేట్లు కొన్నవాళ్లు విద్యుత్ విశ్లేషణను వాడొచ్చు. ప్లాస్టిక్ డ్రమ్ములో నీళ్లు పోసి లీటరుకు ఒక చిన్న చెంచాడు చాకలి సోడా కలుపుతారు. ప్లేటును 12 వోల్టుల బ్యాటరీ చార్జరు రుణ ధ్రువానికి, పనికిరాని ఇనుప ముక్కను ధన ధ్రువానికి కలిపి, రెండూ తగలకుండా ముంచుతారు. ప్లేటు దగ్గర హైడ్రోజన్ బుడగలు లేస్తాయి, తుప్పు వదులై నల్లని మడ్డిలా దిగుతుంది. ఆమ్లంలా ఇది మంచి ఇనుమును తినదు, అందుకే మ్యూజియాల వాళ్లకు ఇష్టం. 1862లో మునిగిపోయిన అమెరికా యుద్ధనౌక మానిటర్ ఫిరంగి గోపురాన్ని 2002లో సముద్రం నుంచి తీశాక, లోపలి ఉప్పును లాగెయ్యడానికి ఈ పద్ధతినే వాడుతూ వచ్చారు.

ధన ధ్రువానికి స్టెయిన్‌లెస్ స్టీలు గరిటె కడితే అరిగిపోదు కదా అని కొందరు సలహా ఇస్తారు. అస్సలు వద్దు. దానిలోని క్రోమియం ఆరు సంయోజకత గల రూపంలో నీటిలోకి వస్తుంది, అది క్యాన్సర్ కారకం. క్రోమ్ పూత ఉన్న డంబెల్ పిడులనూ ఈ నీళ్లలో వెయ్యొద్దు. సోడా బదులు ఉప్పు వేస్తే క్లోరిన్ వస్తుంది. హైడ్రోజన్ మండుతుంది కాబట్టి ఇది ఆరుబయట చెయ్యాల్సిన పని, గోడ సాకెట్టు కరెంటును నేరుగా కలిపే ఆలోచన మనసులోకే రానివ్వకూడదు.

రాడ్డును ముంచొద్దు

1875లో విలియం జాన్సన్ అనే ఆయన లండన్ రాయల్ సొసైటీకి ఒక వింత నివేదించాడు. ఇనుప తీగను కొద్ది నిమిషాలు ఆమ్లంలో ముంచి తీస్తే, అంతకుముందు సాఫీగా వంగిన తీగ ఇప్పుడు పుటుక్కున విరుగుతోంది. విరిగిన చోట తడి చేస్తే సన్నని బుడగలు నురగ కడుతున్నాయి. కొన్నాళ్లు వదిలేసినా వేడి చేసినా మళ్లీ మామూలవుతోంది. ఉక్కు ఎంత గట్టిదైతే దెబ్బ అంత ఎక్కువ. ఆ బుడగలు హైడ్రోజనే. ఆమ్లం ఇనుమును తినేటప్పుడు పుట్టే హైడ్రోజన్ అణువుగా జతకట్టకముందే, ఒంటరి పరమాణువుగా ఉక్కు లోపలికి చొరబడుతుంది. అది చాలా చిన్నది కాబట్టి దారి దొరుకుతుంది. లోపల ఒత్తిడి ఎక్కువున్న చోట చేరి ఉక్కును పెళుసు చేస్తుంది.

ప్లేటుకు దీనితో పని లేదు, పోత ఇనుము ఎలాగూ పెళుసే, వంగాల్సిన అవసరమూ లేదు. మంచి ఒలింపిక్ రాడ్డు సంగతి వేరు. దాని ఉక్కు 1,300 మెగాపాస్కల్స్ దాకా లాగుడు తట్టుకునేలా చేస్తారు, మామూలు మెత్తటి ఉక్కుకు ఇది మూడు రెట్లు. 1,000 దాటిన ఉక్కులన్నిటికీ హైడ్రోజన్ ప్రమాదం ఉంది. అందుకే అలాంటి రాడ్డును వెనిగర్‌లో నానబెట్టొద్దు, నిమ్మ ఉప్పులోనూ వద్దు, విద్యుత్ తొట్టిలోనూ వద్దు. అక్కడ హైడ్రోజన్ పుట్టేది సరిగ్గా మన వస్తువు ఉపరితలం మీదే. చవక ఇంటి సెట్లతో వచ్చే మెత్తటి ఉక్కు రాడ్డుకు ఈ ముప్పు తక్కువ, కానీ మన చేతిలో ఉన్నది ఏ ఉక్కో కచ్చితంగా తెలియనప్పుడు అన్నిటికీ ఒకే జాగ్రత్త పాటించడం మేలు. రాడ్డు చివర తిరిగే గొట్టాల్లోని బేరింగుల్లోకి ఆమ్లం వెళ్తే తిరిగి తీయడం కూడా కష్టం.

మరి తుప్పు ఎలా తియ్యాలి? కాస్త ఓపికతో, చేత్తో. రాడ్డును రెండు కుర్చీల మీద పెట్టి, పట్టు కోసం లేతు మిషను మీద కొట్టిన నర్లింగ్ గళ్లలోకి కుట్టు మిషను నూనె వేసి కొన్ని గంటలు వదిలెయ్యాలి. తర్వాత నైలాన్ బ్రష్షుతో, అది చాలకపోతే ఇత్తడి తీగల బ్రష్షుతో గళ్ల వాలును పట్టుకుని రుద్దాలి. ఇత్తడి ఉక్కు కంటే మెత్తన, గళ్ల పదును పోదు. ఉక్కు తీగల బ్రష్షు, గ్రైండరు పెడితే గళ్లు అరిగి పట్టు జారుతుంది. జింకు పూత ఉన్న రాడ్డు మీద ఇత్తడి కూడా వాడొద్దు, జింకు ఇంకా మెత్తన. క్రోమ్ పూత మీద అక్కడక్కడా తుప్పు చుక్కలుంటే వంటింటి అల్యూమినియం రేకును ఉండ చేసి నీళ్లతో తడిపి రుద్దితే చాలా వరకు పోతాయి. రుద్దిన కొద్దీ నల్లని నూనె గుడ్డలోకి దిగుతుంది. ఆ నలుపు తగ్గేదాకా గుడ్డ మారుస్తూ తుడవాలి.

ఆ తర్వాత చెయ్యాల్సిన పరీక్షను చాలామంది వదిలేస్తారు. తుప్పు పోయిన చోట గోరు గీసి చూడండి. గోరు సాఫీగా జారితే తుప్పు పైపైనే ఉన్నట్టు. గుంటలో దిగితే ఆలోచించాలి. లోహం వంగినప్పుడల్లా ఒత్తిడి గుంట మొదట్లో పోగుపడుతుంది. వేల ఎత్తులు గడిచాక అక్కడే సన్నని పగులు మొదలై, ప్రతి ఎత్తుకూ కొంచెం కొంచెం పాకుతుంది. రాడ్డు నడిమి భాగంలోనో, లోపలి కాలరు పక్కనో గోరు పట్టే గుంటలుంటే ఆ రాడ్డును బరువైన ఎత్తులకు వాడొద్దని నా గట్టి సలహా. ప్లేటు ఎంత గుంటలు పడినా బాగుచేసుకోవచ్చు. రాడ్డును అలా సర్దుకోలేం.

రంగు, నూనె, నిలవ

పాత ప్లేట్ల మీది రంగులో సీసం ఉండే అవకాశం ఉంది. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం పదిలక్షల పాళ్లలో 90కి మించకూడదన్న నియమం 2016లో వచ్చి 2017 నవంబరు నుంచి అమల్లోకొచ్చింది. అంతకుముందు రంగు వేసిన ప్లేటును పొడిగా గీకి ధూళి లేపొద్దు. తడి ఎమరీ కాగితంతో, ముఖానికి మాస్కు కట్టుకుని, పిల్లలు లేని చోట చెయ్యాలి.

మన కిటికీ ఊచలన్నిటికీ మొదట కొట్టే రెడ్ ఆక్సైడ్ ప్రైమరు ప్లేట్లకూ బాగా పనికొస్తుంది. దాని ఎరుపు కూడా ఐరన్ ఆక్సైడే. నీరు కలవని, ఇక మారనక్కర్లేని రూపం. రక్షణ ఇచ్చేది ఆ ఎరుపు కాదు, దాన్ని పట్టి ఉంచే జిగురు. టర్పెంటైనుతో జిడ్డు తుడిచి, ఒక పల్చని ప్రైమరు పూత, ఆరాక రెండు పల్చని ఎనామిల్ పూతలు. మధ్య రంధ్రంలో పెయింటు మందంగా పడితే ప్లేటు రాడ్డు మీదికి ఎక్కదు, అక్కడ నూనె చాలు. పైకి ఉబ్బిన అంకెల మీద తెల్ల రంగు అద్దితే ఆ ప్లేటును చూసి దాచబుద్ధి కాదు.

రంగు వద్దనుకునేవాళ్లకు అవిసె నూనె ఉంది. పల్చగా రాసి తుడిచేస్తే గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టి పొర కడుతుంది. దోసె పెనం మీద నూనె కాలి నల్లగా పొర కట్టినట్టే ఇదీ, వేడి బదులు రోజులు పడుతుంది. ఆ నూనె తుడిచిన గుడ్డల్ని ఉండ చుట్టి మూలన పడెయ్యకండి. పొర కట్టే చర్యలో వేడి పుడుతుంది, గుడ్డలు తమంతట తామే అంటుకున్న సందర్భాలున్నాయి. నీళ్లలో ముంచి విడిగా పరిచి ఆరబెట్టాలి. పొద్దుతిరుగుడు నూనె మాత్రం సగం ఆరి జిగటగా మిగిలిపోతుంది. డబ్ల్యూడీ-40 స్ప్రే 1953లో అట్లాస్ క్షిపణి ఒంటిమీది నీటిని తరిమెయ్యడానికి తయారైంది. పేరులోని 40, నలభయ్యో ప్రయత్నానికి గుర్తు. నీటిని తరమడంలో దిట్టే కానీ పొర పల్చన, నెలల తరబడి కాపలా కాయదు.

నిలవకు ప్లేట్లను నేలకు ఆనించకుండా చెక్క స్టాండు మీద నిలబెట్టాలి, మధ్య వేలు పట్టేంత సందు ఉండాలి. రబ్బరు చాప మీద పడుకోబెడితే అడుగున తేమ చిక్కుకుంటుంది. గదిలో తేమ పీల్చే ప్లాస్టిక్ డబ్బాలు పెట్టేవాళ్లు అందులో ఉన్నది కాల్షియం క్లోరైడని గుర్తుంచుకోవాలి. అది పీల్చిన నీరు క్లోరైడు నిండిన ద్రవం, ఒక్కసారి ఇనుము మీద ఒలికితే చేసిన పనంతా పోతుంది. అలాంటి డబ్బా కింది అరలో, ప్లేట్లకు దూరంగా ఉండాలి.

రాడ్డుకు ప్రతి కసరత్తు తర్వాతా పొడి నైలాన్ బ్రష్షు ఆడించాలి. చేతులకు రాసుకునే సుద్ద పొడి నర్లింగ్ గళ్లలో చెమటను పట్టి ఉంచుతుంది, తుప్పు మొదలయ్యేది అక్కడే. నెలకోసారి, వానాకాలంలో పదిహేను రోజులకోసారి, కుట్టు మిషను నూనె నాలుగు చుక్కలు రాడ్డు పొడవునా వేసి పొడి గుడ్డతో తుడిచేస్తే చాలు. చేతికి జిడ్డు తగలకూడదు. తిరిగే గొట్టాల మొదట్లో చెరో చుక్క వేసి వేలితో తిప్పితే నూనె లోపలికి దిగుతుంది.